పాత సైకిళ్లతో మేయర్స్‌డేల్ వెళ్లే ముందు

పిట్స్‌బర్గ్

చి. సౌ. బుజ్జికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అత్తయ్య మోకాలినొప్పి తగ్గింది, మళ్లీ పొద్దున్నే నడకకి వెళుతోంది. మొన్న ఆదివారం పెన్ హిల్స్ గుడికి వెళ్లినప్పుడు నీ పేర అర్చన కూడా చేయించింది.

నువ్వు ఫోన్ చేసి, "మామయ్యా, మేం పదకొండు మందిమి పాత సైకిళ్లు సంపాదించాం, అక్టోబరులో వచ్చి మీ దారి మీద తొక్కుతాం" అన్న దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. "మీ దారి" అన్నావు చూడు, ఆ మాట నాకెంతో బాగుంది. పాత రైలు కట్టల మీద వేసిన ఈ సైకిలు దారి, గ్రేట్ అలిగేనీ ప్యాసేజ్, ముక్కముక్కగా పెరగడం నా కళ్లతో చూశాను. 1986లో ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క తెరిచారు. మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ నడిబొడ్డు దాకా 150 మైళ్లూ ఒకటిగా కలిసేసరికి 2013 వచ్చింది. మధ్యలో ఏ కొత్త ముక్క తెరిచినా మరుసటి వారం నేనూ నా రాలీ సైకిలూ అక్కడుండేవాళ్లం. అందుకే నువ్వడిగినవాటికి ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. మీ వాళ్లందరికీ చదివి వినిపించు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. మేయర్స్‌డేల్‌లో ఎక్కి కంబర్లాండ్‌లో దిగుదాం అని రాశావు. 32 మైళ్లు. మొదటి ఎనిమిది మైళ్లు ఎక్కుడు, తరవాత 24 మైళ్లు దిగుడే దిగుడు. కొత్త సైకిళ్లవాళ్లు చాలామంది అలాగే వెళతారు, వాళ్లకది హాయిగా ఉంటుంది. మీరు మాత్రం అలా వెళ్లొద్దు తల్లీ. పాత సైకిలుకి వెళ్లడం కష్టం కాదు, ఆగడం కష్టం. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఆగడం గురించే.

మీ సైకిళ్లన్నిటివీ ఇనప రిమ్ములు, పైన క్రోమియం పూత. పొడిగా ఉన్నంతసేపు బ్రేకు ముక్క బాగానే పట్టుకుంటుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ పూత మీద రబ్బరు జారిపోతుంది. ముందు నీళ్లు తుడుచుకోవాలి, తరవాత గానీ పట్టు దొరకదు. ఈలోగా చక్రం నాలుగైదు చుట్లు తిరిగేస్తుంది, నువ్వు ఆగాల్సిన చోటు దాటిపోతావు.

ఇది చదివి తెలుసుకున్న సంగతి కాదు. పదిహేనేళ్ల కిందట మేం నలుగురం ఫ్రాస్ట్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దిగుతున్నాం. దిగుడు కదా, తొక్కే పని లేదు, కబుర్లు చెప్పుకుంటూ పోతున్నాం. సన్నగా తుంపర మొదలైంది. ఎదర రోడ్డు దాటే చోటు కనపడింది. నేను తాపీగా రెండు బ్రేకులూ నొక్కాను. చేతికి ఏమీ అందలేదు. ఇంకా గట్టిగా, వేళ్లు తెల్లబడేలా నొక్కాను. సైకిలు అదే ఊపున రోడ్డు మీదికి వెళ్లిపోయింది. అంతకు రెండు క్షణాల ముందే ఒక ట్రక్కు దాటింది, దాని టైర్ల తడి జాడ మీదుగా నేను అవతలికి వెళ్లి గడ్డిలో పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది, ఆరువారాలు కట్టు. మణికట్టు నొప్పి మర్చిపోయాను గానీ ఆ తడి జాడ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందుంది. మీ అత్తయ్యకి ఆ ట్రక్కు సంగతి చాలాకాలం చెప్పలేదు. నీకు చెబుతున్నానంటే, పదకొండు మందిని వెంటేసుకుని వస్తున్నది నువ్వు గనక.

అందుకని నా మాట విని ఇలా చేయండి. మేయర్స్‌డేల్‌లో ఎక్కండి, కొండ మీదికి వెళ్లండి, చూడాల్సినవి చూడండి, మళ్లీ మేయర్స్‌డేల్‌కే రండి. పొద్దున ఓపికున్నప్పుడు ఎక్కుడు, సాయంత్రం అలిసిపోయాక దిగుడు. దిగుడన్నా అది పేరుకే. ఆ దారి వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వేది, కంబర్లాండ్‌ని కనెల్స్‌విల్‌తో కలుపుతూ 1912లో తెరిచారు. బొగ్గు బండి నిటారు ఎక్కలేదు గనక కొండని చుట్టుకుంటూ, లోయ మీద వంతెన కట్టి, అడ్డమొచ్చినచోట సొరంగం తొలిచి వాలు పెరక్కుండా చూశారు. 1975లో రైళ్లు మానేశారు, ఆ వాలు మనకి మిగిలింది. మేయర్స్‌డేల్ వైపు నుంచి ఎక్కితే నూరడుగుల దూరానికి ఒక్క అడుగు ఎత్తు కూడా పెరగదు. మూడు గేర్ల సైకిలుకి ఇంతకన్నా అనువైన కొండ నాకు తెలిసి లేదు. అటు కంబర్లాండ్ వైపు వాలు ఇంతకు దాదాపు రెట్టింపు. చూడ్డానికి పెద్దగా తెలియదు గానీ మైళ్ల తరబడి ఉంటుంది కాబట్టి సైకిలు ఎక్కడా నెమ్మదించదు. ఆ వైపు సంగతి వచ్చే ఏడు, మీ బ్రేకుల మీద నమ్మకం కుదిరాక చూద్దాం.

మేయర్స్‌డేల్ పాత స్టేషను ఇప్పుడు మ్యూజియం. కార్లు అక్కడ పెట్టుకోవచ్చు. దిగగానే అందరూ తూర్పుకి, కొండవైపుకి తిప్పుతారు. మీరు ముందు పడమటికి తిప్పండి. రెండు మైళ్లలో సాల్స్‌బరీ వంతెన వస్తుంది. 1908 అడుగుల పొడుగు. కింద క్యాసల్‌మన్ నది, హైవే, ఇప్పటికీ గూడ్సు బండ్లు తిరిగే పట్టాలు, అన్నీ ఆ ఒక్క వంతెన కిందే. అక్టోబరు నడిమధ్య పొద్దుటి ఎండలో ఆ లోయ చూశావంటే మాట రాదు. మేపుల్ చెట్లు కుంకుమ రంగులో, హికరీలు పసుపు కొమ్ముల్లా, ఓక్‌లు ఇంకా పచ్చగా.

అందం ఒక్కటే కాదు నేను అటు వెళ్లమనడానికి కారణం. కొత్తగా బాగుచేసిన పాత సైకిలులో ఏ లోపమున్నా మొదటి రెండు మూడు మైళ్లలోనే బయటపడుతుంది. సీటు కుంగుతుంది, మడ్‌గార్డు గలగలలాడుతుంది, ఎవరికో చైను ఊడుతుంది. కార్లకి రెండు మైళ్ల దూరంలో ఊడితే తోసుకుంటూ వచ్చేయొచ్చు. సొరంగం అవతల ఊడితే కుదరదు. వంతెన చూసి వెనక్కి వచ్చి, స్టేషను దగ్గర ప్రతి సైకిలునీ ఒకసారి తట్టి చూసి, బిగించాల్సినవి బిగించి, అప్పుడు కొండవైపు బయల్దేరండి. ఎవరి సైకిలన్నా సరిగ్గా లేదనిపిస్తే మొహమాటపడకు, అక్కడే ఆపేయి. వాళ్లకి ఒక సైకిలు కావాలంటే నా దగ్గర అదనంగా ఒకటుంది, తెస్తాను.

ఇంక సైకిళ్ల సంగతి. ఐదు రాలీలు, మూడు కాలి బ్రేకు ష్విన్‌లు, ఒకటి గుంటూరు నుంచి విమానంలో వచ్చిన తాతగారి హెర్క్యులిస్, మిగతా రెండూ ఏవో ఇంకా తెలియదన్నావు. ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త.

రాలీలకి కొత్త బ్రేకు ముక్కలు వేయించు. సైకిలుతో వచ్చిన నలభై యాభై ఏళ్ల నాటి రబ్బరు గోటితో నొక్కితే లోపలికి దిగదు, రాయైపోయి ఉంటుంది. కూల్‌స్టాప్ వాళ్లవి గులాబీ, నారింజ కలిసిన రంగులో దొరుకుతాయి, వాటిని సాల్మన్ అంటారు. తడిలో ఇనప రిమ్ము మీద ఉన్నంతలో అవే నయం. బ్రేకు వైర్లు కూడా కొత్తవి వేయించు. రిమ్ముని స్పిరిటుతో తుడిపించు, నూనె చెయ్యి తగలనీయకు. ఇంత చేసినా, వాన పడితే మధ్యమధ్య బ్రేకుని తేలిగ్గా నొక్కుతూ రిమ్ముని ఆరబెట్టుకుంటూ పోవాలి. రోడ్డు కనపడ్డ తరవాత నొక్కితే ఆలస్యమైపోతుంది.

ష్విన్‌ల కాలి బ్రేకు వానకి బెదరదు. పెడలు వెనక్కి తొక్కితే చక్రం లోపలే పట్టుకుంటుంది. దాని ప్రాణమంతా చైనులో ఉంది. చైను ఊడిందా, బ్రేకు కూడా పోయినట్టే. చాలా ష్విన్‌లకి చేతి బ్రేకు అసలుండదు. ముందు చక్రానికి ఒక చేతి బ్రేకు వేయించకుండా ఆ మూడు సైకిళ్లనీ కొండ ఎక్కనివ్వకు. పాత సైకిలు పాతగానే ఉండాలనే పట్టింపు కొందరికి ఉంటుంది, నాకూ ఉంది. అయినా ఈ ఒక్క విషయంలో పట్టింపు వదిలేయమని బతిమాలుతున్నాను.

హెర్క్యులిస్‌ది రాడ్ బ్రేకు. మన ఊళ్లో పాలవాళ్ల సైకిళ్లవి ఎలా ఉండేవో అలాగే, ముక్కలు రిమ్ము పక్కల నుంచి కాకుండా లోపలి అంచు మీద, పుల్లలవైపు నుంచి పైకి వచ్చి పట్టుకుంటాయి. చక్రం అటూ ఇటూ కాస్త ఊగినా దానికి పర్వాలేదు. పైకీ కిందికీ ఎగిరితే మాత్రం బ్రేకు ఒకచోట పట్టుకుని ఒకచోట వదిలేస్తుంది. బెండు తీయించేటప్పుడు ఆ సంగతి మెకానిక్కుకి చెప్పమను, ఇక్కడివాళ్లకి రాడ్ బ్రేకు అంతగా అలవాటు లేదు. ఆ సైకిలు తొక్కే అబ్బాయిని నేను చూడలేదు గానీ, తాతగారి సైకిలుని సముద్రాలు దాటించాడంటే వాడంటే నాకు చాలా గౌరవం.

మా నాన్నది ఆసన్‌సోల్‌లో తయారైన సేన్-రాలే. ప్రతి ఆదివారం పొద్దున అరుగు పక్కన దాన్ని తలకిందులుగా నిలబెట్టి, ఒక చేత్తో పెడలు తిప్పుతూ చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. ఫ్రీవీలు కిర్రుమంటే ఒక రకం, చైను నూనె అడిగితే ఒక రకం, బాల్సు అరిగితే ఒక రకం. అలా వినడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. నువ్వూ చెయ్యి. బయల్దేరే వారం ముందు ప్రతి సైకిలునీ తలకిందులు పెట్టి, గదిలో టీవీ ఆపి, తిప్పి విను. ఒక చుట్టుకి ఒకసారి 'టక్' మని వినపడితే చాలాసార్లు అది కాటర్ పిన్ను. పాత రాలీలకి పెడలు చేతిని ఇరుసుకి బిగించేది అదే. వదులుగా తొక్కితే అరిగి, దారిలో పెడలు చెయ్యి గిర్రున తిరిగిపోతుంది. దాన్ని సుత్తితో ఊరికే కొట్టొద్దు, ఆ దెబ్బ లోపలున్న బాల్సు మీద పడుతుంది. పెడలు చేతి కింద ఒక ఇనప గొట్టం నిలబెట్టి ఆనించి కొట్టాలి. కొత్త పిన్ను వేశాక ఇరవై మైళ్లు తొక్కి మళ్లీ నట్టు బిగించాలి. అందుకే ఇంటి దగ్గర ఒక ఆదివారం అందరూ కలిసి ఇరవై మైళ్లు తొక్కి చూసుకోండి.

రాలీల వెనక చక్రంలో ఉన్నది స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు. హబ్బు మీద తుడిచి చూడు, తయారైన ఏడాది అంకెలు కనపడతాయి. నాదాని మీద 68 అని ఉంది. యాభై ఏళ్లు దాటినా అరగని వస్తువది, నూనె తప్ప ఏమీ అడగదు. హబ్బు మధ్యలో చిన్న మూత ఉంటుంది, అది ఎత్తి మోటారు ఆయిలు ఒక చెంచాడు పొయ్యి. కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు అందులో పోయొద్దు, ఎండిపోయి బంకైపోతాయి.

ఈ హబ్బులో ఒక ప్రమాదం ఉంది, బాగా విను. గేరు వైరు వదులైతే రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ ఒకటి వస్తుంది. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు అందులో పడితే కాలు ఒక్కసారి కిందికి పోతుంది, మనిషి హ్యాండిలు మీద పడతాడు. దీన్ని సరిచేయడం నిమిషం పని. గేరుని రెండో దాంట్లో పెట్టు. వెనక చక్రం కుడివైపు పొడుగాటి నట్టుకి ఒక కిటికీలాంటి కన్నం ఉంటుంది. టార్చి వేసి అందులోకి చూడు. గొలుసు చివర ఉన్న సన్నటి కడ్డీ లోపల కదులుతుంటుంది. ఆ కడ్డీ భుజం ఇరుసు చివరతో సరిగ్గా సమంగా ఉండాలి. బయటికి పొడుచుకు వచ్చినా, లోపలికి పోయినా గొలుసు దగ్గరున్న చిన్న స్క్రూ తిప్పి సమం చెయ్యి. వంతెన నుంచి వెనక్కి వచ్చాక స్టేషను దగ్గర ఐదు రాలీలకీ ఇది మళ్లీ చూడు, కొత్త వైరు మొదట్లో సాగుతుంది. ఇంకో మాట. వెనక పళ్ల చక్రం మామూలుగా 18 పళ్లది ఉంటుంది. దాని బదులు 22 పళ్లది వేయించి, చైనుకి రెండు లింకులు కలిపితే మొదటి గేరు నిజంగా తేలికవుతుంది. సున్నపురాయి పొడి పరిచిన దారి తారురోడ్డులా జారదు, కాస్త లాగుతుంది. కొత్తగా తొక్కేవాళ్లకి ఆ నాలుగు పళ్లు చాలా సాయం చేస్తాయి.

టైర్ల దగ్గర చాలామంది మోసపోతారు, నేనూ పోయాను. రాలీ టైరు మీద 26 × 1⅜ అని ఉంటుంది. ష్విన్ తేలికపాటి సైకిలు టైరు మీదా అదే రాసి ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని ఒక్కటే స్పేరు పట్టుకుని వెళ్లాను. ష్విన్ టైరు కోసుకుపోయింది. నా దగ్గరున్నది రాలీది, ఎంత గుంజినా ఎక్కదు. కొలత ఏడు మిల్లీమీటర్లు తేడా. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, అదే అసలైంది. రాలీకి 590, ష్విన్‌కి 597, హెర్క్యులిస్ లాంటి 28 అంగుళాలవాటికి 635. ట్యూబులకి ఇంత పట్టింపు లేదు, 590 ట్యూబు 597లో సర్దుకుంటుంది. ప్రతి కొలతకీ రెండేసి ట్యూబులు, మొత్తానికి ఒక పంక్చరు డబ్బా, మంచి పంపు, పాత టైరు ముక్కలు రెండు మూడు పెట్టుకోండి. టైరు కోసుకుంటే లోపల ఆ ముక్క వేసి గాలి కొట్టుకుని ఇంటికి రావచ్చు. మన ఊళ్లో గేటరు వేయడం అంటారే, అదే.

తోలు సీట్లవాళ్లు వానకి ప్లాస్టిక్ సంచి ఒకటి జేబులో పెట్టుకోవాలి. తడిసిన తోలు మీద కూర్చుంటే సీటు పాడైపోతుంది. చీర, చుడీదారు చున్నీ, వదులు ప్యాంటు, ఏదైనా సరే, చైనుకి అందకుండా కట్టుకోవాలి. పాత సైకిళ్లకి తగ్గట్టు పాతకాలం బట్టలు వేసుకుందామన్నావు. చాలా బాగుంటుంది. వాటి మీద ఒక నారింజ రంగు జాకెట్టు కూడా వేసుకోండి. అక్టోబరులో ఇక్కడ వేటకాలం, చుట్టుపక్కల అడవుల్లో వేటగాళ్లు ఉంటారు.

దారిలో నడవడిక గురించి. ముందు నెమ్మదిగా తొక్కేవాళ్లని పంపు. బాగా తొక్కగలవాడు, పనిముట్లూ పంపూ ఉన్నవాడు అందరికన్నా వెనకుండాలి. గట్టిగా తొక్కేవాళ్లు ముందుంటే అరగంటలో గుంపు మూడు ముక్కలవుతుంది, ఆ వెనక ముక్కలోనే ఎవరికో పంక్చరవుతుంది. ఆ కొండల్లో ఫోను సిగ్నలు అన్నిచోట్లా అందదు. ప్రతి రోడ్డు దగ్గరా ముందొచ్చినవాళ్లు ఆగి, పదకొండూ లెక్కపెట్టుకుని, అప్పుడు దాటండి. ఆగినప్పుడు దారి మీద గుమికూడకుండా సైకిలుని పక్కకి తీసి స్టాండు వేయండి. వంతెనల మీద మరీను, ఫోటోల కోసం అడ్డంగా నిలబడొద్దు. దారి అందరిదీ. ఎవరినన్నా దాటాలంటే దూరం నుంచే బెల్లు కొట్టు. పాత సైకిళ్ల బెల్లు వింటే ఇక్కడి పెద్దవాళ్లు ఆనందంగా వెనక్కి తిరిగి చూస్తారు, ఆగి పలకరిస్తారు. వాళ్లతో మాట్లాడడానికి ఒక అరగంట అదనంగా పెట్టుకోండి. రైల్లోనో గనిలోనో పనిచేసినవాళ్ల పిల్లలు తగులుతారు. వాళ్లు చెప్పేవి ఏ బోర్డు మీదా రాసి ఉండవు.

స్టేషను నుంచి కొండవైపు బయల్దేరాక మొదట బోల్‌మన్ ఇనప వంతెన వస్తుంది, ఆ పైన కీస్టోన్ వంతెన. ఎనిమిది మైళ్లకి జలవిభాజకం, ఎత్తు 2392 అడుగులు. రోడ్డు కింద చిన్న సొరంగంలా ఉంటుంది, గోడ మీద దారి ఎత్తుపల్లాలన్నీ గీసి ఉంటాయి. అక్కడ తప్పక ఆగండి. మీరు వచ్చినవైపు పడ్డ వాన క్యాసల్‌మన్‌లో కలిసి, యాకగేనీ మీదుగా పిట్స్‌బర్గ్ వచ్చి, ఒహాయో, మిసిసిపీ నదుల్లో నడిచి మెక్సికో సింధుశాఖకి చేరుతుంది. నాలుగడుగులు అవతల పడ్డ వాన పోటోమాక్‌లో కలిసి అట్లాంటిక్‌కి పోతుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని చోటు అది. ప్రతిసారీ సీసాలో నీళ్లు రెండు వైపులా కాసిని పోసి వస్తాను.

ఇంకో రెండు మైళ్ల లోపే బిగ్ శావేజ్ సొరంగం. 3294 అడుగులు, అంటే కిలోమీటరు. లోపల దీపాలున్నా నమ్ముకోవద్దు. డైనమో దీపం సైకిలు ఆగితే ఆరిపోతుంది, నెమ్మదిగా తొక్కితే మిణుకుమంటుంది. అందరికీ బ్యాటరీ దీపం, వెనక ఎర్రదీపం ఉండాలి. నల్ల కళ్లద్దాలు తీసేసి, ఒక్క నిమిషం బయట నిలబడి కళ్లు అలవాటయ్యాక, ఒకరి వెనక ఒకరు వెళ్లండి. లోపల ఆగొద్దు. బయటికన్నా చలిగా ఉంటుంది, స్వెట్టరు ముందే వేసుకోండి. చలికాలంలో గడ్డకట్టి పాడవకుండా ఆ సొరంగానికి తలుపులు వేసేస్తారు, అక్టోబరు నడిమధ్యన తెరిచే ఉంటుంది. అయినా వచ్చే వారం ముందు ఒకసారి కనుక్కో.

సొరంగం దాటగానే ఒక్కసారిగా లోయ విచ్చుకుంటుంది. మేరీల్యాండ్ కొండలు వరసగా, ఒకదాని వెనక ఒకటి. అక్కడ కూర్చుని అన్నాలు తినండి. పులిహోర తెచ్చుకోండి, చలికి పెరుగన్నం వద్దు. ఫ్లాస్కులో వేడి టీ ఉండాలి. మైలు పైచిలుకు దిగితే మేసన్-డిక్సన్ గీత, అంటే పెన్సిల్వేనియా, మేరీల్యాండ్‌ల సరిహద్దు, దాని రాళ్లు వస్తాయి, ఓపికున్నవాళ్లు వెళ్లి రావచ్చు. తిరిగి ఎక్కాలన్న సంగతి మాత్రం ముందే చెప్పు. అక్కణ్ణించి ఇంకా కిందికి ఎవరినీ పోనివ్వకు. దిగుడు తియ్యగా లాగుతుంది, ఇంకో మైలు, ఇంకో మైలు అనిపిస్తుంది.

అన్నీ కలిపి పాతిక మైళ్లు, నలభై కిలోమీటర్లు. కొత్త సైకిళ్లవాళ్లకి రెండున్నర గంటల పని. మీకు ఆగుతూ, మాట్లాడుతూ ఆరు గంటలు పడుతుంది, పట్టాలి కూడా. పొద్దున తొమ్మిదిన్నరకి తొక్కడం మొదలుపెట్టండి. ఏదేమైనా రెండున్నరకి వెనక్కి తిప్పేయండి. ఆ నెలలో ఆరున్నర దాటితే చీకటే, కొండ నీడ ఇంకా ముందే పడుతుంది, లేళ్లు దారి మీదికి వస్తాయి. రాలిన ఆకుల మీద బ్రేకు గట్టిగా నొక్కకండి, హ్యాండిలు తిప్పకండి. తడి ఆకు కింద ఏముందో కనపడదు, ఓక్ కాయలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. వచ్చేదారంతా కొద్దిపాటి దిగుడే కాబట్టి తొందరేం లేదు.

వాన సూచన ఉంటే మానేసి వారం వాయిదా వేయి. కొలంబస్ నుంచి అంత దూరం వచ్చాం కదా అని వానలో బయల్దేరొద్దు. ఆకులు ఆ వారానికి ఇంకాస్త రాలతాయి, అంతే. ఓక్‌లు అప్పటికి ఎర్రబడతాయి, అదీ బాగుంటుంది. ముందు రోజు రాత్రి అందరూ మా ఇంటికి వచ్చేయండి. పదకొండు మందికి పడకలు చాలవు గానీ హాల్లో పరుపులు పరుస్తాం. మీ అత్తయ్య ఇప్పటికే చింతపండు నానబెట్టే లెక్క వేస్తోంది. సైకిళ్లకి కారు వెనక తగిలించే ర్యాకులు పనికిరావు. ఒక్కోటీ పద్దెనిమిది, ఇరవై కిలోలుంటుంది, హెర్క్యులిస్ ఇంకా ఎక్కువ. అద్దె వ్యాను ఒకటి మాట్లాడుకోండి. మధ్యలో పాత దుప్పట్లు వేసి, పెడళ్లు పక్క సైకిలు పుల్లల్లో దూరకుండా కట్టండి.

ఇంకా ఏమని తెలియని ఆ రెండు సైకిళ్ల సంగతి తేల్చాలి. ఈ వారంలో వాటి టైరు పక్కనున్న చిన్న అంకెలు రాసి పంపు, వెనక హబ్బు ఫోటో కూడా తీసి పంపు. నా దగ్గర 590వి మూడు, 597వి రెండు ట్యూబులున్నాయి. 635వి రెండు ఈ రోజే తెప్పిస్తున్నాను, అవి హెర్క్యులిస్ అబ్బాయికి.

అల్లుడుగారికి, పిల్లలకి మా ఆశీస్సులు.

మీ మామయ్య